సినిమా వదులుకున్న పాట
(సీమ చరిత్ర ధారావాహిక)

నందలూరులో ఒక బడి. స్వాతంత్ర్య పోరాటం ఊరూరా సెగ పుట్టిస్తున్న రోజులు. పాఠశాలల పర్యవేక్షకుడు తనిఖీకి వచ్చాడు. ఆ బడిలోని ఉపాధ్యాయుడొకాయన ఉన్నట్టుండి ఆయన్నే ఒక ప్రశ్న అడిగాడు. దేశభక్తి అంటే ఏమిటి? తనిఖీకి వచ్చిన అధికారిని అడగదగిన ప్రశ్న కాదది. అయినా ఆ అధికారి కోప్పడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. కోటు విప్పాడు. చొక్కా విప్పాడు. చొక్కా లేని ఒంటితో కిలోమీటరు దూరం నడిచి వెళ్లి ఉద్యమంలో కలిసిపోయాడు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు.

ఆయన పేరు శంకరంబాడి సుందరాచారి. ఈ కథను తిరుపతి వైపు, కడప వైపు పెద్దలు ఇలాగే చెబుతూ వచ్చారు. చెయ్యేటి ఒడ్డున సౌమ్యనాథస్వామి గుడితో, మద్రాసు-బొంబాయి రైలు దారిలో ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు పడ్డ నందలూరుకు ఈ కథ ఇంకో గుర్తింపు తేవాల్సింది. తేలేదు. ఆ ఊరి వీధుల్లో నడిచిన మనిషి రాసిన పాటను రాష్ట్రమంతా బడి పిల్లలు చేతులు కట్టుకుని పాడారు. పాడినవాళ్లలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

ఈ వారం కథ ఆ పాటది, దాన్ని గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కించిన ఒక పడుచు గొంతుది. ఆ పాటను కర్నూలు, కడప సీమ ఎలా విన్నదనేది కూడా ఇందులోదే.

సుందరాచారి 1914 ఆగస్టు 10న తిరుపతి దగ్గర తిరుచానూరులో పుట్టాడు. సంప్రదాయం గట్టిగా ఉన్న ఇల్లు. చిన్నతనంలోనే జంధ్యం తెంచేశాడని, తండ్రి మందలిస్తే ఇల్లు విడిచి వెళ్లిపోయాడని చెబుతారు. బతకడానికి హోటల్లో సర్వరుగా పనిచేశాడు. రైల్వే స్టేషన్లో మూటలు మోశాడు. తర్వాత మద్రాసులో ఆంధ్రపత్రిక కార్యాలయానికి ప్రూఫ్ రీడరు పని కోసం వెళ్లాడు. అక్కడ దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆయన్ని మీకు తెలుగు వచ్చా అని అడిగారట. మీకు తెలుగు రాదా అని ఈయన ఎదురడిగాడట. నా ప్రశ్న మిమ్మల్నెంత బాధ పెట్టిందో, మీ ప్రశ్న నన్నంతే బాధ పెట్టింది, తెలుగువాడి దగ్గరకు తెలుగువాడు వచ్చినప్పుడు అడగాల్సిన మాట కాదని వివరించాడట. పంతులుగారు ఆ మాటలోని నిజాన్ని ఒప్పుకుని ఉద్యోగం ఇచ్చారు. ఆకలితో ఉన్నవాడు ఉద్యోగం ఇచ్చేవాడి ముందు అలా నిలబడటానికి ఎంత భాషాభిమానం ఉండాలో ఊహించండి. ఆ పాట ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే నేను ఈ సంఘటననే చూపిస్తాను.

1942లో ‘దీనబంధు’ అనే సినిమా తయారవుతోంది. అందులో చిత్తూరు నాగయ్య ఉన్నాడు. నాగయ్య పుట్టింది రేపల్లెలోనైనా నాటకాల్లో నిలదొక్కుకున్నది చిత్తూరులో. అక్కడి రామవిలాస సభ నాటకాలే ఆయనకు ఆ ఊరి పేరును ఇంటిపేరుగా ఇచ్చాయి. ఆంధ్రపత్రిక గడప ఆయన కూడా తొక్కినవాడే. ఆ సినిమా కోసం సుందరాచారి ఒక గేయం రాశాడు. అదే ‘మా తెలుగు తల్లికి’. నాగయ్య దానికి 116 రూపాయలు ఇచ్చాడని అంటారు. నూటపదహార్లంటే కూలీ లెక్క కాదు, మన పద్ధతిలో మర్యాదగా ఇచ్చే సంభావన.

పాట మాత్రం సినిమాలోకి చేరలేదు.

సినిమాకు రాసిన పాట సినిమాలో లేకపోతే సాధారణంగా దాని కథ అక్కడితో సరి. కథకు అడ్డం పడిందనో, నిడివి పెరిగిందనో తీసేసిన పాటలు ఏ పెట్టెలోనో చెదలు పట్టి పోతాయి. అలా పోకుండా నిలిచిన పాటలు ప్రపంచంలో అరుదు. అమెరికాలో ఇర్వింగ్ బెర్లిన్ 1918లో సైనిక శిబిరంలో వేసే ప్రదర్శన కోసం ‘గాడ్ బ్లెస్ అమెరికా’ రాసి, సందర్భానికి బరువైందని పక్కన పెట్టేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1938 నవంబరులో, కేట్ స్మిత్ అనే గాయని దాన్ని రేడియోలో పాడింది. అప్పటి నుంచి ఆ దేశం దాన్ని రెండో జాతీయగీతంలా పాడుకుంటోంది. అక్కడ పాటను బతికించింది రేడియో, ఒక ఆడగొంతు. ఇక్కడ బతికించింది గ్రామఫోను ప్లేటు, ఒక ఆడగొంతు.

ఆ గొంతు టంగుటూరి సూర్యకుమారిది. 1925 నవంబరు 13న రాజమండ్రిలో పుట్టింది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు తమ్ముడి కూతురు. పన్నెండేళ్లకే, 1937లో, ‘విప్రనారాయణ’తో తెర మీదికి వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో ఉంది. ఆ సినిమాలో రైతు పాత్ర వేసిన మహానటుడు మన బళ్లారి రాఘవ. 1941లో కడప జిల్లావాడైన బి.ఎన్.రెడ్డి ‘దేవత’ తీస్తే, అందులో నాగయ్య కథానాయకుడు, సూర్యకుమారి అతని చెల్లెలు సీత. ఇవన్నీ ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, మద్రాసు స్టూడియోల్లో కోస్తా గొంతులూ సీమ బుర్రలూ ఎలా కలిసి పనిచేశాయో కనబడాలని. పులివెందుల తాలూకా నుంచి వెళ్లిన దర్శకుడు, చిత్తూరు నుంచి వెళ్లిన నటుడు, తిరుచానూరు నుంచి వెళ్లిన కవి, రాజమండ్రి పిల్ల. పాట చేతులు మారిన దారి ఇదే.

సినిమాల్లో నటిస్తూనే సూర్యకుమారి మరో పేరు తెచ్చుకుంది. ఆ పేరుకు సినిమా అక్కర్లేదు. ఆమె ప్రైవేటు రికార్డులు ఇచ్చేది. ఏ కథకూ, ఏ పాత్రకూ సంబంధం లేని పాటలు. బసవరాజు అప్పారావు గేయాలు, దేవులపల్లి కృష్ణశాస్త్రి గేయాలు, బాలాంత్రపు రజనీకాంతరావు గేయాలు ఆమె గొంతులో ఇళ్లలోకి వచ్చాయి. అంతకుముందు ప్లేట్లంటే ప్రధానంగా పద్యనాటకాలు, కచ్చేరీ కీర్తనలు. పద్యం పాడేవాడు రాగం సాగదీసి గుక్క తిప్పుకోకుండా నిలబెడితే జనం ముగ్ధులయ్యేవాళ్లు. సూర్యకుమారి అలా పాడలేదు. మాట వినపడాలన్నట్టు పాడింది. సన్నని, తేటైన గొంతు, పొడిపొడిగా కాకుండా ఒద్దికగా పలికే అచ్చులు. సంగతులు తక్కువ, భావం ఎక్కువ. విన్నవాళ్లు వెంటనే తామూ పాడగలమనుకునే బాణీ అది. ఆ పద్ధతికి మనవాళ్లు లలిత సంగీతమన్న పేరు పెట్టుకున్నారు. ఈనాటి కుర్రకారు ఆల్బం అని పిలిచే వస్తువుకు, సినిమాతో పనిలేకుండా ఒక గాయని పేరు మీద అమ్ముడయ్యే పాటకు, తెలుగులో తొలి తరం యజమానురాళ్లలో ఆమె ఒకతె. రావు బాలసరస్వతీ దేవి పేరు కూడా అదే వరసలో చెప్పాలి.

సినిమా వదులుకున్న సుందరాచారి గేయం హెచ్.ఎం.వి. ప్రైవేటు రికార్డుగా ఆమె గొంతులో వెలువడింది.

ఆ ప్లేటు గురించి కాస్త ఆగి చెప్పాలి. పది అంగుళాల నల్లటి బిళ్ల. నిమిషానికి 78 చుట్లు. ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త పైన మాత్రమే పడుతుంది. కవి ఎంత గొప్పవాడైనా, గాయని ఎంత పాడగలిగినా ఆ మూడు నిమిషాల్లోనే ముగించాలి. సుందరాచారి గేయం ఆ కొలతకు సరిగ్గా కుదిరింది. పల్లవి, మూడు చరణాలు, అంతే. మొదటి చరణంలో నేల, నీళ్లు. రెండోదాంట్లో కళలు. మూడోదాంట్లో చరిత్ర. వేదిక మీద పాడితే విసుగు రాదు, బడిలో పాడితే గంట కొట్టేలోగా అయిపోతుంది. తర్వాతి కాలంలో అది ప్రార్థన గీతంగా నిలవడానికి ఈ నిడివి చేసిన మేలు తక్కువది కాదు.

ఆ బిళ్లను చేసేది లక్కతో. లక్క మన దేశపు అడవుల్లో పురుగు పెట్టే సరుకు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్నప్పుడు దానికి సైనిక అవసరాలు ముంచుకొచ్చి, అమెరికాలో రికార్డుల తయారీకి లక్క వాడకం మీద ప్రభుత్వమే పరిమితి పెట్టింది. మనకు ప్లేట్లు కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో ముద్రపడి వచ్చేవి. మద్రాసులో పాడిన పాట కలకత్తా వెళ్లి, బిళ్లగా మారి, మళ్లీ మద్రాసు చేరి, అక్కడి నుంచి రైలెక్కాలి. రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు దాటి కడప చేరాలి. ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగా గుంతకల్లు వైపు పోవాలి. కర్నూలుకైతే డోన్‌లో మారాలి.

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో అప్పట్లో చాలావాటికి కరెంటు లేదు. ఇక్కడే గ్రామఫోను గొప్ప ఉపకారం చేసింది. దానికి కరెంటు అక్కర్లేదు. పక్కనున్న పిడి తిప్పి కీ ఇస్తే చాలు. ముల్లు మార్చుకుంటూ ఎన్ని ప్లేట్లయినా వేయొచ్చు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో వచ్చినా, రేడియో కొనగలిగే ఇల్లు, దాన్ని మోగించే కరెంటు రెండూ ఉన్నచోట్లు పట్టణాల్లోనే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. కడపకు సొంత కేంద్రం రావడానికి 1963 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఈ పాట వచ్చిన తర్వాత చాలా ఏళ్లపాటు సీమ పల్లెకు పాట చేరే ప్రధాన సాధనం ప్లేటే. వకీలు ఇంటి వసారాలోనో, కాఫీ హోటల్లోనో, పెళ్లి పందిట్లోనో ఒక పెట్టె మోగితే చుట్టూ నలభైమంది చేరేవాళ్లు. ఒకరి సొత్తు పదిమంది చెవుల్లో పడేది. అందుకే అమ్ముడైన ప్లేట్ల లెక్కతో ఆనాటి పాట ఎంతమందికి చేరిందో తేలదు.

సూర్యకుమారికి ప్లేటుతో పాటు ఇంకో వేదిక కూడా ఉండేది. పెదనాన్న ప్రకాశం పంతులు సభలకు ఆమె వెంట వెళ్లి దేశభక్తి గీతాలు పాడేది. మైదానంలో వేలమంది ఎదుట పంతులుగారు సింహంలా మాట్లాడబోయే ముందు ఈ పిల్ల గొంతు లేచేది. ఆమె ప్లేటును కొన్నవాడు సినిమా తారను కొనుక్కోలేదు. సభలో విన్న గొంతును ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పాటకు అంత గౌరవం దక్కడం వెనుక ఈ సంగతి ఉంది.

ఇక సీమవాళ్లు దాన్ని ఎలా విన్నారు?

ఇది తేలిగ్గా జవాబు చెప్పే ప్రశ్న కాదు. ఎందుకంటే పాట చెప్పే తెలుగు తల్లి బొమ్మలో నీళ్లు గోదావరివి, కృష్ణవి. పంటలు ఆ రెండు నదుల గట్ల మీదివి. పెన్న లేదు. తుంగభద్ర లేదు. కుందూ లేదు. కవి ఉద్యోగం వదిలి నడిచిన ఊరి పక్కన పారే చెయ్యేరు కూడా లేదు. కరువు సీమలో కూర్చుని విన్నవాడికి ఈ లోటు తగలకుండా ఉంటుందా? కృష్ణమ్మ శ్రీశైలం కొండల నడుమ అప్పటి మన కర్నూలు జిల్లా అంచునే ఒరుసుకుంటూ పోతుంది, కానీ ఆ కాలంలో మన చేలలోకి చుక్క దిగేది కాదు. కర్నూలునూ కడపనూ కలిపిన నీరు సుంకేసుల ఆనకట్ట నుంచి వచ్చే తుంగభద్ర నీరే. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తవ్వించి, చివరికి నష్టపోయి 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్న కె.సి. కాలువ అది. ఆ కాలువ కింద ఉన్నవాడికి అన్నం, లేనివాడికి ఆకాశం. 1952లో కరువు పడి ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచినప్పుడు, బావులు లోతు చేయడానికి సైన్యం దిగినప్పుడు, బంగారు పంటల పాట ఆ గంజి వరసలో నిలబడ్డవాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచిస్తే గుండె పట్టేస్తుంది.

ఈ లోటును ఎత్తి చూపి, ఇది కోస్తా పాట అని పక్కన పెట్టేవాళ్లు మన సీమలో ఉన్నారు. వాళ్ల బాధ నిజం. వాళ్ల తీర్పుతో మాత్రం నేను ఏకీభవించను. మూడో చరణం వినండి. అక్కడ ఓరుగల్లు రుద్రమ ఉంది. ఆమె పక్కనే మల్లమ్మ ఉంది. ఆ మల్లమ్మను శ్రీశైల మల్లన్న భక్తురాలు హేమారెడ్డి మల్లమ్మగానే చాలామంది గుర్తిస్తారు. శ్రీశైలంలో మల్లమ్మ కన్నీరు అనే చోటు ఈనాటికీ ఆమె పేరు మీదే ఉంది. ఆ తర్వాత తిమ్మరుసు తెలివి, ఆపైన కృష్ణరాయల పేరుప్రతిష్ఠలు. మల్లమ్మ, తిమ్మరుసు, రాయలు ముగ్గురూ మనవాళ్లు. రాయలు ఏలిన నేల కనుకనే మన నేలకు రాయలసీమ అన్న పేరు వచ్చింది. నిజాం నవాబు ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తం చేసిన దత్తమండలాలన్న పాత పేరు మోస్తూ ఉండలేక, 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన పేరది. కడప కోటిరెడ్డి అధ్యక్షత వహించిన సభ. పాట రాసేనాటికి ఆ పేరు పుట్టి పద్నాలుగేళ్లయినా కాలేదు, తిరుచానూరు కవి తన పాటను రాయల మీదే తెచ్చి నిలబెట్టాడు. నీళ్లు ఇవ్వలేకపోయాడు, చరిత్ర మాత్రం మనకే ఎక్కువ పాలు పంచాడు.

ఇంకొకటి కూడా గమనించాలి. పాట రాసినప్పుడు ఆంధ్ర రాష్ట్రం లేదు. ఆంధ్రప్రదేశ్ లేదు. సుందరాచారి మద్రాసు రాష్ట్రపు పౌరుడు. పాటలో వచ్చే తిక్కన నెల్లూరువాడు, త్యాగయ్య తంజావూరు సీమలో తిరువయ్యారువాడు, రుద్రమ నిజాం ఏలుబడిలో ఉన్న ఓరుగల్లు రాణి, రాయలు హంపీవాడు. ఏ ప్రభుత్వమూ గీయని ఎల్లలవి. తెలుగు పలికిన చోటునల్లా తన తల్లి ఇల్లుగా చూసుకున్నాడు ఆయన.

అయినా ఒక పేరు దగ్గర నాకు మనసు ఆగుతుంది. గాత్రమంటే ఆయనకు త్యాగయ్య గుర్తొచ్చాడు. తాళ్లపాక నందలూరుకు ఎంతో దూరం లేదు. అన్నమయ్య పుట్టిన ఊరు పక్కన ఉద్యోగం చేసిన కవికి అన్నమయ్య ఎందుకు తట్టలేదు? తప్పు కవిది కాదు, కాలానిది. అన్నమయ్య రాగిరేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారం నుంచి బయటపడి ఎన్నో ఏళ్లు కాలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు తిరుపతిలో కూర్చుని వాటిని పరిష్కరిస్తున్న రోజులవి. అనంతపురం జిల్లా బిడ్డ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటికి స్వరాలు కూర్చడం ఆ తర్వాత మాట. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అన్నమయ్య ప్లేట్లు ఇంటింటికీ చేరింది 1980 ప్రాంతాల్లో. 1942లో అన్నమయ్య పుస్తకంలోకి వస్తున్నాడు, ఇంకా చెవిలోకి రాలేదు. ప్లేటు ఎక్కని కవి ఆనాటి జనం తలపుల్లో లేడు. గోపవరం మొల్ల, కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం, ఊరూరా నోట నానే వేమన కూడా పాటలో లేరు. అందరినీ ఇరికిస్తే అది పాట కాదు, జాబితా అవుతుందని కవికి తెలుసు.

పెన్న మాత్రం ఊరుకోలేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956లో పుస్తకంగా వచ్చింది. ఎండిన ఏటిని, దాని ఒడ్డున ఎండిన మనుషులను ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. అది మూడు నిమిషాల ప్లేటులో పట్టే పాట కాదు. సుందరాచారి వదిలిన ఖాళీ ఎంత పెద్దదో ఆ కావ్యం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండూ చదివిన సీమవాడికి రెండూ కావాలి.

ఈలోపు రాజకీయం తన పని తాను చేసుకుపోయింది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ ఒక మాట అనుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమ కోరుకోవచ్చు. మన పెద్దలకు కోస్తా మీద నమ్మకం చాలక రాయించుకున్న కాగితం అది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక రాష్ట్రం తప్పలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించాడు. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. ఉపముఖ్యమంత్రి అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి. కొండారెడ్డి బురుజు ఊరికి రాష్ట్రమే వచ్చి కూర్చుంది. కార్యాలయాలకు చోటు చాలక గుడారాలు వేశారు. వాటిలోనే ఫైళ్లు, బల్లలు, గుమాస్తాలు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు దక్కాయి, బళ్లారి మైసూరుకు పోయింది. రాఘవ ఊరు, తెలుగు నాటకానికి పుట్టిల్లులాంటి ఊరు చేజారిన దుఃఖం ఆ పండుగలో కలిసే ఉంది.

సూర్యకుమారి పాడుతూ వచ్చిన తెలుగు తల్లికి ఆ రోజు మొదటిసారి ఒక ప్రభుత్వం దొరికింది. ఆ ప్రభుత్వానికి పెద్ద ఆమె పెదనాన్న. అది నిలబడింది మన తుంగభద్ర ఒడ్డున. పాటలో పేరు దక్కని నది పక్కనే రాజధాని వెలిసింది. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. అయినా కర్నూలువాళ్లకు ఆ పాట మీద హక్కు అక్కడే పుట్టిందని నేననుకుంటాను.

ఆ ముచ్చట మూడేళ్లే. 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. గుంటూరులో ఉన్న హైకోర్టు కూడా అక్కడికే పోయింది. శ్రీబాగ్ కాగితం మాత్రం మన దగ్గర మిగిలింది. గుడారాలు మడిచిన కర్నూలు మళ్లీ జిల్లా కేంద్రమైంది. 1957 మే 20న పంతులుగారు కన్నుమూశారు.

సూర్యకుమారి అప్పటికే దూరదేశాల బాట పట్టింది. 1952లో మిస్ మద్రాసుగా ఎంపికైన ఆమె అమెరికా వెళ్లి, న్యూయార్కులో రవీంద్రుని ‘కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్’ నాటకంలో నటించి 1961లో అక్కడి విమర్శకుల పురస్కారం అందుకుంది. తర్వాత లండనులో స్థిరపడి భారతీయ నృత్యం, సంగీతం నేర్పింది. రాజమండ్రి నుంచి బ్రాడ్‌వే దరిదాపుల దాకా నడిచిన తెలుగు గాయని అంతకుముందు లేదు. ఇక్కడ మాత్రం ఆమె గురించి అడిగితే నూటికి తొంభైమంది చెప్పేది ఆ ఒక్క ప్లేటు పేరే.

1975 ఉగాదికి హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. లండను నుంచి సూర్యకుమారిని పిలిపించి ఆ పాట పాడించారు. ఆమెకు అప్పటికి యాభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఆ ఏడాది నుంచే ప్రభుత్వం దాన్ని రాష్ట్రగీతంగా స్వీకరించింది. సినిమా నిడివిలో చోటు దొరకని పాటకు ప్రతి ప్రభుత్వ సభలో మొదటి చోటు దొరికింది. బళ్లలో పొద్దున్నే పిల్లలు పాడటం మొదలైంది. కడప జిల్లాలో ఎండకు మాడుతున్న బడి ఆవరణలో నిలబడి పిల్లలు గోదారి గలగలలు పాడారు. మా తరం అలాగే నేర్చుకుంది. గోదావరిని చూడకముందే పాడాం.

సుందరాచారి ఆ గౌరవాన్ని చూసిన రెండేళ్లకు, 1977 ఏప్రిల్ 8న, కన్నుమూశాడు. ఆయన ఈ ఒక్క పాటే రాశాడనుకుంటే తప్పు. తేటగీతుల్లో ‘సుందర రామాయణం’ రాశాడు. రవీంద్రుని గీతాంజలిని తెలుగు చేశాడు. తేటగీతి ఆయనకు ఇష్టమైన ఛందస్సు. సీమలో పుట్టిన కవులకు ఎందుకో తేటగా, సూటిగా పలకడం మీద మక్కువ ఎక్కువ. వేమన ఆటవెలదిలో చేసింది ఈయన తేటగీతిలో చేయబోయాడు. ఆ పద్యాలు మన గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ అచ్చు వేసి, నందలూరు బడిలో, తిరుపతి కళాశాలల్లో పిల్లల చేత చదివించే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. ఆయన విగ్రహాల కంటే ఆ పని ముందు జరగాలి.

పాటకు ఎదురుగాలి కూడా వీచింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నాటికి ఇది మా తల్లి పాట కాదని అక్కడివాళ్లు గట్టిగా అన్నారు. 2014లో రాష్ట్రం వేరుపడింది. అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను ఆ రాష్ట్రం 2024 జూన్ 2న అధికారిక గీతంగా ప్రకటించింది. రుద్రమను తలుచుకున్న పాట రుద్రమ ఏలిన నేల మీద మోగడం ఆగింది. వాళ్ల నిర్ణయంలో న్యాయముంది. తమ నేల, తమ నీళ్లు తమ పాటలో ఉండాలని ఎవరైనా కోరుకుంటారు. సీమవాళ్లమైన మనకు ఆ కోరిక బాగా అర్థమవుతుంది. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో సుందరాచారి పాటే కొనసాగుతోంది.

సూర్యకుమారి 2005 ఏప్రిల్ 25న లండనులో తుదిశ్వాస విడిచింది. ఆమె పాడిన ఆ 78 చుట్ల రికార్డు ధ్వని ఇవాళ ఫోనులో వెతికితే దొరుకుతుంది. ముల్లు గీసిన గరగర వెనకాల నుంచి ఆ గొంతు వస్తుంది. తర్వాత వచ్చిన బృందగానాలు, వాద్యాల హోరు విని అలవాటుపడ్డవాళ్లు ఒకసారి ఆ పాత ప్లేటు వినాలి. నినాదంలా కాకుండా, ఇంట్లో పెద్దామెకు పూలు పెడుతున్నంత నెమ్మదిగా పాడింది ఆమె. రాష్ట్రగీతం అయ్యాక మనం దానికి గంభీరత అద్దాం. ఆమె పాడినప్పుడు అందులో ఉన్నది చనువు.

వచ్చే వారం: 1963 జూన్ 17న మొదలైన కడప ఆకాశవాణి, ఆ కేంద్రం సీమ యాసకు ఇచ్చిన చోటు.